పిల్లల పంటికి మత్తుసూది – నొప్పి తగ్గించే మార్గాలు

పుచ్చిన పాలపన్నును శుభ్రం చేసి నింపడానికో, తీసివేయడానికో దంతవైద్యులు ముందుగా చిగురు దగ్గర మత్తుసూది వేస్తారు. ఆ తర్వాతి చికిత్సలో బాధ తెలియకుండా చేసేది ఈ సూదే. అయినా పిల్లలు అన్నింటికంటే దీనికే ఎక్కువగా భయపడతారు. నొప్పికి మూలం వాతమనీ, భయం ఆ వాతాన్ని మరింత ప్రకోపింపజేస్తుందనీ ఆయుర్వేదం చెబుతుంది. భయపడిన బిడ్డకు అదే సూది ఎక్కువ నొప్పిగా తోస్తుందని ఆధునిక వైద్యమూ అంగీకరిస్తుంది. కనుక నొప్పి తగ్గించే ప్రయత్నం ఇంటి వద్దనే ఆరంభం కావాలని నా అభిప్రాయం.

సూది ఎందుకు బాధిస్తుంది?

సూదిమొన గుచ్చుకోవడం ఒక్కటే కారణం కాదు. మందు వేగంగా ఎక్కితే లోపలి కండ సాగి నొప్పి పుడుతుంది. 1948 నుండి వాడుకలో ఉన్న లిగ్నోకెయిన్ నేటికీ దంతవైద్యంలో ముఖ్యమైన మత్తుమందు. మత్తు ఎక్కువసేపు నిలవడానికి దానిలో అడ్రినలిన్ కలుపుతారు. అలా కలిపిన మందుకు ఆమ్లగుణం అధికం కాబట్టి లోపలికి ఎక్కేటప్పుడు మంట కలుగుతుంది. అంగిలిపై పొర ఎముకకు గట్టిగా అంటుకొని ఉంటుంది. అందువల్ల అక్కడ వేసే సూది మరీ బాధిస్తుంది.

వైద్యులు చేయగలిగినవి

చిగురును తుడిచి, ఆరబెట్టి, పైపూత మత్తుమందు రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగితే సూది గుచ్చడం అంతగా తెలియదు. మందును నిమిషానికి సుమారు 1 మిల్లీలీటరు చొప్పున నెమ్మదిగా ఎక్కించాలి. సూది వేసే సమయంలో బుగ్గను మెల్లగా కదపడం కూడా మేలు చేస్తుంది. దెబ్బ తగిలిన మోచేతిని రుద్దుకుంటే ఉపశమనం కలిగినట్లే ఇదీను. స్పర్శ సందేశాలు నొప్పి సందేశాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది కనుక బరువును, పడని మందులను తప్పక తెలపాలి.

తల్లిదండ్రులు పాటించవలసినవి

"అల్లరి చేస్తే సూది వేయిస్తాను" అని ఇంట్లో ఎన్నడూ బెదిరించరాదు. "అసలు నొప్పే ఉండదు" అని అబద్ధమూ చెప్పరాదు. "కొంచెం గుచ్చినట్లు ఉంటుంది, తర్వాత పన్ను నిద్రపోతుంది" అని చెబితే చాలు. నోరు తెరచి ఉంచి ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలడం రెండు మూడు రోజుల ముందు నుండే ఆటగా నేర్పాలి. ఆకలితో ఉన్న బిడ్డ త్వరగా విసుగుచెందుతుంది. కనుక గంట ముందు ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం పెట్టాలి. అయితే నిద్రమత్తు ఇస్తామని వైద్యులు చెప్పినప్పుడు మాత్రం ఉపవాసం విషయంలో వారి సూచనే పాటించాలి.

లవంగ తైలంతో జాగ్రత్త

లవంగ తైలం రాసి తీసుకువెళ్లవచ్చునా అని చాలామంది తల్లులు నన్ను అడుగుతుంటారు. పంటినొప్పికి లవంగం మంచి ఔషధమే. కానీ చిక్కని తైలం పసివారి లేత చిగుళ్లను కాల్చి పుండు చేస్తుంది. ఒకటి రెండు చెంచాలు మింగిన పిల్లలకు కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. కాబట్టి పిల్లలకు దానిని స్వయంగా వాడకండి. బెంజోకెయిన్ కలిసిన చిగుళ్ల పూతలు రెండేళ్లలోపు పిల్లలకు వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది.

సూది వేసిన తర్వాత

పెదవి, నాలుక మూడు గంటలపాటు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి మొద్దుబారి ఉంటాయి. ఆ సమయంలో పిల్లలు తెలియక పెదవిని కొరికి గాయం చేసుకుంటారు. మర్నాడు అది వాచి తెల్లబడితే చీము పట్టిందని పెద్దలు భ్రమపడతారు. మత్తు విడిచేవరకు తినడానికి ఏమీ పెట్టక, వేడి పానీయాలు ఇవ్వక, బిడ్డను కనిపెట్టి ఉండాలి. పన్ను తీసిన రోజున పుక్కిలింతలు కూడదు. మర్నాటి నుండి, ఉమ్మివేయడం తెలిసిన పిల్లలచేత గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి మెల్లగా పుక్కిలింపజేయవచ్చు. జ్వరం వచ్చినా, వాపు పెరుగుతున్నా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.