సొంత కంప్యూటర్‌లో సర్వర్, అందులో మన అక్షరాలు

సూరత్‌లో పాండేసరా పారిశ్రామికవాడను ఆనుకుని ఉండే బమ్రోలిలో మరమగ్గాల చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ ప్రాంతంలో నేసిన, ఇంకా రంగు వేయని గ్రే బట్ట మిల్లుల్లో రంగులద్దుకుని రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరుతుంది. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలకు సూరత్ నేతపనితో తరాల అనుబంధం. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్ళూ సాంచెల (మరమగ్గాల) మీద పనిచేస్తారు. ఏ సాంచె మీద ఎవరు ఎన్ని మీటర్లు నేశారో రాసుకుంటేనే కూలి లెక్క తేలుతుంది.

ఆ లెక్కల పుస్తకాన్ని వెబ్‌సైటుగా మార్చాలని ఇంట్లో కంప్యూటర్ చదువుకున్న పిల్లవాడు పూనుకున్నాడనుకుందాం. చిరునామా, ఫోన్ నంబరు చూపించే పేజీ అయితే ఒకసారి రాసి పెడితే చాలు. ఇది అలాంటిది కాదు. మేస్త్రీ మీటర్లు నమోదు చేసిన మరుక్షణం యజమాని ఫోనులో మొత్తం మారాలి. అంటే అడిగిన ప్రతిసారీ పేజీ కొత్తగా తయారవ్వాలి. అభ్యర్థనను అందుకోవడానికి వెబ్ సర్వర్, లెక్క కట్టడానికి ప్రోగ్రాం, వివరాలు దాచడానికి డేటాబేస్ కావాలి. దీన్నే డైనమిక్ వెబ్ అప్లికేషన్ అంటారు.

ఇవన్నీ ముందు సొంత కంప్యూటర్‌లోనే అమర్చుకోవాలి. పడుగు చుట్టిన బీము మొత్తం ఎక్కించే ముందు నమూనా ముక్క నేసి చూసుకున్నట్టు, జనం వాడే సైటు జోలికి పోకుండా తప్పులు ఇక్కడే తేల్చుకోవాలి. 1990ల చివరికి లినక్స్ ఆపరేటింగ్ సిస్టం, అపాచీ వెబ్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, పీహెచ్‌పీ ప్రోగ్రామింగ్ భాష కలిసి ఉచితంగా దొరికే జట్టుగా స్థిరపడ్డాయి. 2002లో జర్మనీ నుంచి వచ్చిన ఎక్సాంప్ అందులో లినక్స్ తప్ప మిగతా సరంజామాను ఒకే ఇన్‌స్టాలర్‌లో పెట్టి విండోస్ వాడేవాళ్ళకూ అందించింది. అది పెట్టుకుని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో ఫైలు రాసి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే పేజీ తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. అపాచీ మొదలవ్వకపోతే 80వ నంబరు పోర్టును మరో ప్రోగ్రాం పట్టుకుని ఉందేమో ముందు చూడాలి.

చాలామంది ఇంతటితో పని అయిపోయిందనుకుంటారు. భారతీయ భాషల్లో పనిచేసేవాళ్ళకు అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది.

బమ్రోలిలో ఒకే రిజిస్టరులో తెలుగు, గుజరాతీ, ఒడియా పేర్లు పక్కపక్కనే ఉండొచ్చు. యూనికోడ్ 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే ఈ లిపులన్నిటికీ చోటిచ్చింది. అయితే మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్లలో అక్షరాలు దాచే డిఫాల్టు పద్ధతి లాటిన్-1. అందులో మన అక్షరాలకు చోటు లేదు. అలాంటి పట్టికలోకి తెలుగు పేరు పంపితే, గట్టి తనిఖీ లేని అమరికలో వరసగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. అది తెరమీది లోపం కాదు, లోపల దాచినవే ప్రశ్నార్థకాలు. ఆ పేరును తిరిగి రాబట్టే దారి లేదు. ఒక మనిషి కూలి పేరుమీదే ఆధారపడిన చోట ఇది చిన్న విషయం కాదు.

2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి, యూనికోడ్ అక్షరాలన్నిటినీ దాచగల యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతి డిఫాల్టు అయింది. అయినా డేటాబేస్, దానితో ప్రోగ్రాం కలిపే కనెక్షన్, పేజీ, మూడింటినీ మొదటిరోజే ఆ పద్ధతిలో ఉంచాలి. కనెక్షన్ ఒక్కటి తప్పినా తెలుగు బదులు నెత్తిన గుర్తులున్న యూరప్ అక్షరాలు రావచ్చు.

లెక్కించడంలోనూ మెలిక ఉంది. ‘తెలుగు’ అన్న మాట పొడవెంతని పీహెచ్‌పీని స్టర్‌లెన్‌తో అడిగితే 18 అంటుంది, అవి బైట్లు. ఎంబీ-స్టర్‌లెన్ 6 అంటుంది. గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కపెడుతుంది. మనిషి కంటికి కనిపించేవి మూడు అక్షరాలే, ఆ జవాబు కావాలంటే గ్రాఫీమ్-స్టర్‌లెన్ వాడాలి. ‘పేరు 20 అక్షరాలు మించరాదు’ అని బైట్లు లెక్కపెట్టి నిబంధన పెడితే ఎందరో తెలుగువాళ్ళ పేర్లు సగంలో తెగుతాయి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటే ఎంత దూరం వెళ్ళవచ్చో చెప్పడానికి తెలుగు వికీపీడియా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వం నడిచేది పీహెచ్‌పీలో రాసిన మీడియావికీ మీదే. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని ఇంట్లోనే నడిపి చూడవచ్చు. నేర్చుకునేవాళ్ళకు అంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం.

ఇంట్లో పనిచేసింది సర్వర్ ఎక్కాక మొరాయించడమూ మామూలే. విండోస్ ఫైలు పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడాను సాధారణంగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. పీహెచ్‌పీ వెర్షన్లు వేరైనా ఇబ్బందే. 2013లో వచ్చిన డాకర్ ఈ బాధను చాలావరకు తీర్చింది. ఏ వెర్షన్లు కావాలో ఫైలులో రాసుకుంటే ఇంట్లోనూ సర్వర్‌లోనూ అవే నడుస్తాయి. ఎక్సాంప్‌ను మాత్రం ఉన్నదున్నట్టు ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. దాని డేటాబేస్‌లో రూట్ ఖాతాకు మొదట పాస్‌వర్డే ఉండదు. సైటు ఎక్కించే ముందు వేరే ఖాతా తెరిచి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, మూడు లిపుల్లో పేర్లను మరోసారి నమోదు చేసి చూడాలి.