జాడ తీయు విద్య

లంకకు వెళ్లిన హనుమంతుడు సీతను దగ్గరగా చూచి యెరిగినవాడు కాడు. రావణుని అంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని చూచి, ఆ రూపసంపదకు భ్రమసి, ఈమెయే సీత యని సంతోషముతో గంతులు వేసెను. పిదప తన్ను తాను నిలువరించుకొని, రాముని ఎడబాసిన సీత ఇట్లు అలంకరించుకొని సుఖముగా నిదురించునా యని తర్కించి, ఆ మందిరము వదలి ముందునకు సాగెను. అశోకవనమున నిజముగా సీత కనబడినపుడు, రాముడు చెప్పిన ఆభరణములలో ఏవి ఆమె మేన ఉన్నవో చూచెను. లేనివి ఋశ్యమూకముపై ఆమె జారవిడిచిన వాటితో సరిపోవుచున్నవో లేదో అదియు చూచెను. నేడు ఫేస్‌బుక్కునందును, ఇన్‌స్టాగ్రామునందును మనుష్యుల జాడ తీయువారిలో పెక్కురు మండోదరి మంచము చెంతనే గంతులు వేసి ఆగిపోవుచున్నారు.

ఈ వెదకుటలో మన తెలుగువారికి గల మొదటి చిక్కు పేరు. ముప్పది యేండ్ల క్రిందట మనతో చదివిన ఒక లక్ష్మిని వెదకదలచితిమనుకొందము. ఆ పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాయునపుడు 'క్ష'కు కొందరు మూడక్షరములు వాడుదురు. కొందరు ఒక్క 'ఎక్స్'తో సరిపుచ్చుదురు. చివరి ఇకారమునకు ఒకరు 'ఐ', మరొకరు 'వై', ఇంకొకరు రెండు 'ఈ'లు వ్రాయుదురు. సంఖ్యాశాస్త్రజ్ఞుని మాట విని నడుమ ఒక అక్షరము అధికముగా చేర్చుకొనువారును లేకపోలేదు. బడి హాజరుపట్టీలో ఇంటిపేరు పొడి అక్షరమై ముందుండును. విదేశమునకు వెళ్లునపుడు అదియే పూర్తిగా విచ్చుకొని చివరకు పోవును. పెండ్లియైన పిమ్మట ఆ ఇంటిపేరే మారవచ్చును, లేదా దాని స్థానమున భర్త పేరు వచ్చి కూర్చుండవచ్చును. బడిలో వేంకట సత్యనారాయణమూర్తిగా ఉన్నవాడు తన పుటపై 'సత్య' అని మాత్రమే వ్రాసికొనును. ఇక శ్రీనివాసరావును పేరుబట్టి వెదకబూనుట గోదావరిలో చెంబెడు నీరు పోసి ఆ నీటినే మరల ముంచి తెచ్చెదననుట వంటిది.

కనుక అనుభవజ్ఞులు పేరుతో ఆరంభింపరు. ఊరు, బడి, చదివిన సంవత్సరము, తోబుట్టువుల పేళ్లు, చేసిన ఉద్యోగము, ఇవియే వారికి పనిముట్లు. పూర్వ విద్యార్థుల బృందముల పుటలలో పాత ఫోటోల క్రింద ఎవరెవరు వ్యాఖ్యలు వ్రాసిరో చూతురు. ఉద్యోగస్థులైనచో లింక్డిన్‌లో కళాశాల పేరుతో గాలింతురు. పేరును తెలుగు లిపిలో ఒకమారు, ఇంగ్లీషు లిపిలో పలువిధముల వ్రాసి వెదకుదురు. గూగుల్‌లో పేరును కొటేషన్ గుర్తుల నడుమ నుంచినచో ఆ మాటలు ఆ వరుసలోనే ఉన్న పుటలను వెదకుమని చెప్పినట్లగును. దానికి ఊరి పేరు చేర్చినచో జల్లెడ కన్ను మరికొంత సన్నమగును.

పేరు చెడిపోయినను ఊరి గుర్తులు మనిషిని చేర్చగలవనుటకు సరూ బ్రియర్లీ కథ చాలును. 1986లో ఐదేండ్ల బాలుడు బుర్హాన్‌పూర్ స్టేషనులో రైలెక్కి నిదురపోయి కలకత్తా చేరెను. తన పేటను 'గినెస్ట్లే' యనియు, తన పేరును 'సరూ' యనియు చెప్పెను. రెండును పసినోట చెడిన మాటలే. ఆస్ట్రేలియాలోని హోబర్టు దంపతులు ఆతనిని పెంచుకొనిరి. పెద్దవాడై, రైలులో గడపిన గంటలను రైలు వేగముతో గుణించి, కలకత్తా చుట్టును ఒక వలయము గీచి, గూగుల్ ఎర్త్ చిత్రములలో రైలుమార్గముల వెంట యేండ్ల తరబడి వెదకెను. 2011లో తాను ఎరిగిన స్టేషనువంటిది కనబడినది. అక్కడనుండి పట్టాల వెంబడి పోగా ఖండ్వా పట్టణము వచ్చినది. ఇక్కడ అతడు గంతులు వేయలేదు. ఖండ్వావారి ఫేస్‌బుక్ బృందమున ప్రవేశించి, ఊరిలో ఆ పేట పేరేమని అడిగెను. 'గణేశ్ తలాయి' యని బదులు వచ్చినది. 2012లో తల్లిని కలిసికొనిన పిమ్మట తన పేరు సరూ కాదనియు, షేరూ యనియు ఆతడెరిగెను.

అసలు పుటయే లేనివారి మాట యేమి? వారును ఇతరుల పుటలలో కనబడుచుందురు. 2018లో తప్పిపోయిన తెలంగాణ గ్రామీణుడొకడు, వినికిడియు మాటయు లేనివాడు, 2020లో లాక్‌డౌన్ నాళ్లలో లూధియానాలో ఆహారము పంచుచున్న పోలీసు వీడియోలో కనబడెను. టిక్‌టాక్‌లో దానిని చూచిన యొకరు గుర్తుపట్టగా కుటుంబము ఆతనిని చేరగలిగినది. ఆ యేడు జూన్‌లోనే మన దేశమున టిక్‌టాక్ నిషేధింపబడెను.

మరికొన్ని సాధనములు గలవు. పెక్కుమంది ఒకే మారుపేరును అన్నిచోట్ల వాడుదురు గనుక, ఆ మారుపేరు నిచ్చినచో నాలుగు వందలకు పైగా సైట్లలో అది ఉన్నదో లేదో చూచి చెప్పు 'షెర్లాక్' అను ఉచిత ప్రోగ్రాము కలదు. అది చెప్పునది ఆ పేరుతో ఒక ఖాతా ఉన్నదని మాత్రమే. ఆ ఖాతా ఆ మనిషిదే యని కాదు. ఫోటోనిచ్చి అదే ఫోటో ఉన్న చోట్లను వెదకు సౌకర్యము టిన్‌ఐ 2008లోను, గూగుల్ 2011లోను తెచ్చినవి. ఇది దొంగ ఖాతాలను పట్టుకొనుటకు మంచి సాధనము: అమెరికా సైనికాధికారినని ప్రేమలేఖలు పంపువాని చిత్రము వేరెవరిదో క్షణములో తేలిపోవును. ఫోటోను గాక ముఖమునే పోల్చు పిమ్‌ఐస్, క్లియర్‌వ్యూ వంటివి వేరు జాతి. జనుల చిత్రములను వారి అనుమతి లేక సేకరించినందులకు 2024లో నెదర్లాండ్స్ అధికారులు క్లియర్‌వ్యూపై 3 కోట్ల 5 లక్షల యూరోల జరిమానా విధించిరి.

ఒకప్పుడు ఫేస్‌బుక్కున ఫోను నంబరు కొట్టినంతనే మనిషి కనబడెడివాడు. ఆ ద్వారమును 2018 ఏప్రిల్‌లో మూసిరి. ఫోనులోని నంబర్లను ఎక్కించి స్నేహితులను వెదకుకొను మరొక ద్వారము మిగిలిపోయినది. దానిగుండా 2019 వరకు యంత్రములతో తోడిన 53 కోట్ల 30 లక్షల మంది వివరములు 2021 ఏప్రిల్‌లో బహిరంగమున పడినవి. వారిలో భారతీయులు సుమారు 60 లక్షలు. ఐర్లండు అధికారులు 2022 నవంబరులో మెటా సంస్థకు 26 కోట్ల 50 లక్షల యూరోల జరిమానా వేసిరి. జరిమానా కట్టినంత మాత్రమున బయటపడిన నంబరు మరల గుట్టుగా మారదు గదా!

సాధనము దుష్టమగుటకంటె శోధకుడు తొందరపడుటయే నాకు భయము గొలుపుచున్నది. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ పందెమున బాంబులు పేలినవి. అనుమానితుల చిత్రములు వెలువడినంతనే రెడ్డిట్‌లో వేలకొలది జనులు డిటెక్టివులైరి. దాదాపు నెలనాళ్లుగా కనబడకుండ పోయిన భారత సంతతి విద్యార్థి ముఖము ఆ చిత్రములలో నొకదానితో పోలుచున్నదని నిశ్చయించి, అతడే హంతకుడని పేరుతో చాటిరి. అతని కుటుంబము ఫేస్‌బుక్కున ఒక పుట నడుపుచుండెను. ఆ పుట పెట్టినది తప్పిపోయిన తమ బిడ్డ జాడ చెప్పుడని వేడుకొనుటకు. దానిపై తిట్లు వర్షముగా కురియగా వారు దానిని తీసివేయవలసి వచ్చినది. అసలు దోషులు వేరొకరని తెల్లవారునప్పటికి తేలినది. కొలది దినములకు ఆ విద్యార్థి శవము నదిలో దొరకినది. బాంబులు పేలుటకు పూర్వమే అతడు మరణించియుండెను. రెడ్డిట్ క్షమాపణ చెప్పినది. ఆ క్షమాపణ విన్నపుడు ఆ తల్లి యేమనుకొన్నదో నేనూహింపలేను.

జాడ దొరకినను, అది నిజమైన జాడయే యైనను, దొరకుటకు ఇష్టపడనివారు కొందరుందురు. 2020 మేలో ఫేస్‌బుక్ మన దేశమున, ముఖ్యముగా స్త్రీలను ఉద్దేశించి, పుటకు తాళము వేసికొను ఏర్పాటు చేసినది. తాళమున్న పుటపై స్నేహితులు కానివారికి పాత ఫోటోలు, వ్రాతలు కనబడవు. దొంగ పేరుతో స్నేహము కోరి ఆ తాళమును దాటుటను కూడ కొందరు వెదకు పద్ధతులలోనే లెక్కించుచున్నారు. నేను లెక్కింపను. 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టము, మనిషి తానై బహిరంగపరచిన సంగతులకు వర్తింపదు. కాని స్త్రీ యొక్క ఇంటర్నెట్ వాడుకను వెంటాడి గమనించుట భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారము నేరము. మొదటిమారు శిక్షపడినచో మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును.

మన లక్ష్మి దొరకినదనుకొందము. పేరు కలిసినది, ఊరు కలిసినది, చెల్లెలి పుటలోని పెండ్లి ఫోటోలో చెక్కిలిపై మచ్చయు కలిసినది. ఇప్పుడేమి చేయవలెను? చెట్టుపై కూర్చుండి హనుమంతుడు కూడ ఇదియే ఆలోచించెను. సంస్కృతమున పలికినచో రావణుడే వచ్చెనని సీత భయపడునేమో యని, సామాన్యమానవుల భాషలో రామకథను మెల్లగా ఆరంభించెను. ఉంగరమును ఆ తరువాతనే చూపెను.

తెలియనివారు పంపిన ఉత్తరము ఫేస్‌బుక్కున సామాన్యముగా 'మెసేజ్ రిక్వెస్టులు' అను వేరు పెట్టెలో పడును. అక్కడ 'నమస్తే, నన్ను గుర్తుపట్టితివా?' అను వాక్యము ఆమెకు మోసగాని మాటవలెనే తోచును. అంతకంటె బడి పేరు, తరగతి, అప్పటి లెక్కల మాస్టరుగారు పిలుచు విధము, ఇరువురకే తెలిసిన ఒక చిన్న సంగతి వ్రాసి, తన ఫోను నంబరు క్రింద ఉంచి, ఆమె నంబరు అడుగకుండుట మేలు. ఆ పెట్టె యొకటి యున్నదని యెరుగక నెలల తరబడి తెరువనివారు పెక్కురు. బదులు రాలేదని ఆమె చెల్లెలికి, మరదికి, పొరుగింటివారికి వ్రాయబోవుటకు ముందు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.