గాజు పాత్ర వయసు ఎలా తెలుస్తుంది?

పాతకాలపు గాజు పాత్రల మీద తయారైన సంవత్సరం సాధారణంగా రాసి ఉండదు. మరి నిపుణులు వాటి వయసు ఎలా చెబుతారు? ముందుగా పాత్రను బోర్లించి అడుగు చూస్తారు.

గాజు ఊదే పనివాళ్లు వేడి పాత్రను ఇనుప కడ్డీకి అతికించి అంచు దిద్దుతారు. తర్వాత కడ్డీని విరిచేస్తే అడుగున గరుకు మచ్చ మిగులుతుంది. అది చేతిపనికి గుర్తు. అయితే ఊదేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కాబట్టి మచ్చ ఒక్కటే చాలదు. పక్కల సన్నటి గీత ఉంటే అచ్చు వాడారన్నమాట.

అసలు అద్భుతం రంగులో ఉంది! 1830లలో బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశంలో, రీడెల్ అనే గాజు తయారీ కుటుంబం గాజులో యురేనియం కలిపి పసుపు, ఆకుపచ్చ పాత్రలు చేసింది. చీకట్లో వాటిపై అతినీలలోహిత దీపం వేస్తే, యురేనియం ఆ కిరణాలను పీల్చుకుని ధగధగలాడే పచ్చటి వెలుగు వదులుతుంది. అణుబాంబు పనుల కాలంలో, 1943లో, అమెరికా ప్రభుత్వం గాజు పరిశ్రమకు యురేనియం అందకుండా కట్టడి చేసింది. 1958లో సడలించింది. అందుకే అమెరికాలో చేసిన యురేనియం గిన్నె దొరికితే, అది 1943కు ముందుదా, 1958 తర్వాతదా అని ఆరా తీస్తారు.

సంతకమూ సాక్ష్యమే. ఫ్రెంచి కళాకారుడు రెనే లాలిక్ 1945లో మరణించాక, ‘ఆర్. లాలిక్’ ముద్రలో ‘ఆర్’ తీసేశారు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు పాత్రలున్నాయి. వెళ్లినప్పుడు వాటి రంగులు, అంచులు, అడుగులు నిదానంగా పరిశీలించండి.