నిఘా కెమెరాకు విద్యుత్తు

గ్రామ కూడళ్లయందును, ధాన్యపు గిడ్డంగులవద్దను నేడు నిఘా కెమెరాలను అమర్చుచున్నారు. అనలాగ్ కెమెరాకు సాధారణముగా రెండు తీగలుండును. కోయాక్సియల్ కేబులు దృశ్యమును రికార్డరునకు చేర్చును. రెండవది విద్యుత్తును తెచ్చును. మన ఇండ్లకు వచ్చు 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును అడాప్టరు 12 వోల్టుల డి.సి.గా మార్చి పెక్కు కెమెరాల కందించును.

దూరము పెరిగినకొలది తీగలో వోల్టేజి తగ్గును. అర చదరపు మిల్లీమీటరు రాగితీగపై, 100 మీటర్ల దూరములోని కెమెరా అర ఆంపియరు వాడినచో, సుమారు మూడున్నర వోల్టులు తగ్గిపోవును. పగలు చక్కగా పనిచేసిన కెమెరా, రాత్రి పరారుణ దీపములు వెలుగగానే ఆగిపోవుట తరచుగా ఇందుచేతనే. దొంగకు కావలసినదియు అదియే గదా!

కావున లావు తీగ వేయవలెను. లేదా అడాప్టరును కెమెరా సమీపముననే, వాన తగులని పెట్టెలో ఉంచవలెను. కరెంటు పోయినను కాపలా ఆగకుండుటకై కెమెరాతోపాటు రికార్డరునకును బ్యాటరీ ఏర్పాటు చేయుడని మేము కోరుచున్నాము.