ఇరవై రోజుల పూటకూడు

బెజవాడలో బయట తినాలంటే ఎక్కడ తినాలండీ అని ఎవరైనా అడిగితే మొన్న మొన్నటిదాకా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. "మా ఇంటికి రండి" అనేవాణ్ణి. మా ఆవిడ చేతి పప్పుచారు తిన్నవాడెవడూ మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు కూడాను.

మా కాపురం గుణదలలో. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు లక్షల జనం వస్తారే, ఆ గుణదలే. ఆ మూడు రోజులూ కొండ కింద ఎటు చూసినా మిఠాయి దుకాణాలూ, బజ్జీల బండ్లూను. ఇన్నేళ్ళలో వాటి వంక తల తిప్పి చూసినవాణ్ణి కాదు. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకోవడం, ఇంటికొచ్చి వేళకు భోంచేయడం, ఇదీ నా దినచర్య. అలాంటివాణ్ణి కిందటి నవంబరులో ఇరవై రోజులు హోటళ్ళ వెంట తిరిగాను.

బందరులో మా అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మా ఆవిడ హడావిడిగా బట్టలు సర్దుకుని బస్సెక్కింది. ఇంట్లో మిగిలింది నేనూ, మా నాన్నగారూ.

నాన్నగారి సంగతి కొంచెం చెప్పాలి. పామర్రు దగ్గర ఆరెకరాల మాగాణి ఆయనది. డెబ్భయ్యేళ్ళు దాటేదాకా స్వయంగా సాగు చేశారు. మా అమ్మ పోయాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేశారు. అప్పటినుంచీ మాట తగ్గింది, తిండీ తగ్గింది. హోటలుకు వెళదామంటే మాత్రం మాట పెరిగింది.

"ఒరే, వడ్లు అమ్మినవాణ్ణి. అన్నం కొనుక్కుని తిననా?" అన్నారు.

సరే, నేనే వండాను. మొదటిరోజు అన్నం జావ అయింది. రెండోరోజు పలుకు విడవలేదు. రెండు పూటలూ ఆయన మజ్జిగ తాగి పడుకున్నారు. మూడోరోజు పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే మెట్టు మీద కూర్చుని చెమటలు కక్కుతున్నారు. చక్కెర వ్యాధికి మాత్ర వేసుకున్నారు గాని కడుపులో మెతుకు లేదు. చేతులు వణుకుతున్నాయి. నోట్లో గుప్పెడు పంచదార పోసి, పావుగంటసేపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పావుగంటలో నాకు పట్టిన చెమట ముందు ఆయన చెమట ఏపాటి!

ఆయన కాస్త తేరుకున్నాక ఆటో ఎక్కించాను. ఎక్కడికని అడిగితే, "టిఫినుకి. ఇడ్లీ అన్నం కాదుగా" అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, "కాదులే" అన్నారు.

గాంధీనగరంలో బాబాయ్ హోటలు 1942 నుంచి ఉన్నది. సినిమా పంపిణీ ఆఫీసుల వీధులు కావడంచేత ఆ చుట్టుపక్కల కాఫీ తాగని నటుడు లేడంటారు. నటుల సంగతి నాకు తెలియదు గాని, వేడి ఇడ్లీ మీద వెన్న పెట్టి, కారప్పొడి చల్లి ఇస్తే అది కరుగుతూ పొడిలోకి దిగుతుంది చూడండీ, ఆ సంగతి మాత్రం తెలిసింది. నాన్నగారు మూడు ఇడ్లీలు తిన్నారు. "మినప్పప్పు పడవలసినంత పడింది" అన్నారు. రైతు నోట అంతకన్న పొగడ్త రాదు. ఆ రోజునుంచీ పొద్దుటి పూటకు దిగులు లేదు.

చిక్కల్లా మధ్యాహ్నం. నాలుగు మెతుకులు పడందే ఆయనకు భోంచేసినట్టు ఉండదు. ఆ మెతుకులు కొనకూడదు!

నాకున్న ఆయుధం సాహిత్యం. "నాన్నా, అన్నం అమ్మడం ఈనాటిది కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళింటి భోజనం ఉంది. పరిమళించే అన్నం, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, అన్నీ కలిపి ఒక్క రూకకే" అని పాఠం చెప్పాను. ఎం.ఏ. చదివినందుకు ఇంట్లో పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే అనుకుంటున్నాను.

ఆయన శ్రద్ధగా విని, "రూకకు మారు వేస్తుందా?" అని అడిగారు.

మారు! ఈ మాట వినగానే పాఠం మానేశాను. మన కృష్ణా జిల్లాలో విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి రెండోసారి "మారు వేయించుకోండి" అనకపోతే అది భోజనమే కాదు. ఆ ప్రశ్న పట్టుకునే మిగిలిన రోజులు ఊరంతా గాలించాను.

ఒక చల్లటి హోటలుకు తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి. మెత్తటి కుర్చీలు, అట్ట పుస్తకమంత మెనూ. అన్నం గిన్నెలో కుక్కి పళ్ళెంలో బోర్లించి తెచ్చారు, పిల్లలు కట్టిన ఇసుక గూడులాగ. నాన్నగారు అది తిని పక్కకు చూశారు. "రైసుకు మళ్ళీ వేరే బిల్లు సార్" అన్నాడు కుర్రాడు. వాడి తప్పేముంది, యజమాని చెప్పిన మాటే చెప్పాడు. నాన్నగారు మాత్రం లేచి చెయ్యి కడుక్కున్నారు.

తరవాత కర్రీ పాయింట్లు. వీధికి రెండున్నాయి ఇప్పుడు. వంకాయ, బెండకాయ, సాంబారు, ఏది కావాలన్నా కవరులో పోసి ముడివేసి ఇస్తారు. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకు ఎంతో మేలు. కాని అన్నం వండుకోవలసింది మనమేగా! నా అన్నంలో ఎవరి కూర కలిపినా ఒకటే.

చివరికి దారి చూపింది నా శిష్యుడొకడు. "మాస్టారూ, ఏలూరు కాలవ వైపు సందులో ఒకావిడ మెస్సు నడుపుతోంది. మా హాస్టలు సగం అక్కడే" అన్నాడు. వెళ్ళాం. రేకుల పంచ, నాలుగు బల్లలు, ఆటోవాళ్ళు, కుర్రాళ్ళు. మనిషికి తొంభై రూపాయలు. కందిపొడీ నెయ్యీ, దోసకాయ పప్పు, గోంగూర, చారు, గడ్డపెరుగు. నాన్నగారు ముందు చెయ్యి పెట్టలేదు. ఒక మెతుకు తీసుకుని వేళ్ళ మధ్య నొక్కి చూశారు.

"సాంబ మసూరే. కొత్త బియ్యం గదమ్మా?" అన్నారు.

"అవును బాబాయిగారూ. పాతవి అయిపోయాయి" అన్నదామె, చేతిలో గరిటెతో.

"ఎసరు తగ్గించు. కొత్తవి నీళ్ళు తాగవు."

బాపట్లలో 1986లో విడుదలైన ఆ వంగడం గురించి ఆయన చెప్పిన ఉపన్యాసం నా క్లాసుకన్నా బాగుంది. ఆటోవాళ్ళు కూడా విన్నారు. ఈలోగా ఆవిడ అడక్కుండానే పళ్ళెంలో మారు వేసేసింది. ఆయన కాదనలేదు. మర్నాడు అన్నం ఒక్కొక్క మెతుకూ విడివిడిగా ఉంది. నాలుగోరోజుకల్లా నాకోసం ఆగకుండా పన్నెండున్నరకే ఒక్కరూ నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు.

సాయంకాలాలు పునుగుల బండి దగ్గర నేనొక్కణ్ణే నిలబడ్డాననీ, అల్లం చట్నీతో రెండు ప్లేట్లు లాగించాననీ మా ఆవిడ చదవకుండా ఉంటే బాగుండును.

డిసెంబరు మొదటి ఆదివారం అత్తగారిని చూడడానికి బందరు బయలుదేరాం. కంకిపాడు, ఉయ్యూరు దాటి బస్సు పామర్రు చేరేసరికి రోడ్డుకు రెండు వైపులా కోతలయిన చేలు. నాన్నగారు కిటికీలోంచి కుప్పలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. నేను పలకరించలేదు.

బందరు సముద్రపు ఊరు. గిలకలదిండి నుంచి చేప వస్తుంది. మధ్యాహ్నం ఒక చిన్న భోజనశాలలో వంజరం ముక్కల పులుసు తిన్నాం. చింతపండు ముందుకు రాకుండా, మిరపకాయ వెనక్కి పోకుండా ఉన్నది. మీరు మంగినపూడి వెళితే సముద్రంలో మునిగి, ఆకలితో ఊళ్ళోకి రండి, అప్పుడు తెలుస్తుంది దాని విలువ. డబ్బు నేను తీసేలోపల నాన్నగారే జేబులోంచి తీసి ఇచ్చారు. అన్నానికి ఆయన డబ్బిచ్చినది నేను చూడడం అదే మొదలు.

బందరు వచ్చి లడ్డు కొనకుండా పోయేవాడు లేడు. బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన బొందిలి కుటుంబాలు ఈ విద్య తెచ్చారని చెబుతారు. శనగపిండిని నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి మళ్ళీ రోట్లో దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు అని పేరు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గోధుమపాలతో చేసే నల్ల హల్వా సంగతి మరోసారి రాస్తాను, అది ఒక పేరాలో ఇమిడేది కాదు.

నాన్నగారు చిటికెడు లడ్డు నోట్లో వేసుకుని, రెండు పొట్లాలు కట్టించారు. ఒకటి వియ్యపురాలికి. రెండోది తన సంచిలో అడుగున దాచారు. మా ఆవిడ మామగారిని ఎగాదిగా చూసి, "చిక్కిపోయారేమో అనుకున్నాను, ఒళ్ళు చేశారే! ఎవరు వండుతున్నారు?" అన్నది. ఆయన నా వంక చూడకుండా, "నువ్వు తొందరపడకమ్మా, అమ్మ లేచి నడిచాకే రా" అన్నారు.

తిరుగు బస్సులో, ఆ రెండో పొట్లం ఎవరికని అడిగాను.

"మెస్సు పిల్లకిరా. రేపు పొద్దున్నే ఇవ్వాలి, మధ్యాహ్నమైతే జనంలో తీరదు" అన్నారు.