సిద్ధంగా ఉంచిన చిన్న దోనె

కాకినాడ రేవులో పెద్ద ఓడల మధ్య కొన్ని వింత బోట్లు కనిపిస్తాయి. ముందు భాగంలో మేడలా లేచిన గదులు, వెనుకంతా బల్లపరుపు డెక్కు. తెలియనివాళ్లు చూస్తే సగం కట్టి వదిలేసిన ఓడ అనుకుంటారు. సముద్రంలో చమురు, గ్యాసు తవ్వే రిగ్గులకు సరుకులు చేర్చే సప్లై బోట్లు ఇవి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వకాలు పెరిగాక మన తీరానికి ఇవి కొత్త కాదు. కానీ మన ప్రార్థనల్లో మాత్రం వీటికి ఇంకా చోటు దొరకలేదు.

మా సంఘంలో ఒక యువకుడు అలాంటి బోటులో డెక్కు మీద పనిచేస్తాడు. కిందటేడు అతని తండ్రి ప్రభువునందు నిద్రించాడు. కబురు అందేసరికి బోటు రిగ్గు దగ్గర కాపలా డ్యూటీలో ఉంది. బదులు రావాల్సిన బోటు రాలేదు. అతను ఇంటికి చేరేసరికి భూస్థాపన జరిగి అయిదు రోజులైంది. ఆదివారం ఆరాధన ముగిశాక మా దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

‘అయ్యగారూ, ఆ ఇరవై రోజులూ మా బోటు రిగ్గు చుట్టూ తిరగడం తప్ప ఏమీ చేయలేదండి. ఆ తిరుగుడు కోసం నాన్న మీద పిడికెడు మట్టి వేయలేకపోయాను. ఇదేం పనండీ?’ అన్నాడు.

ఒక వాక్యం చెప్పి, ప్రార్థన చేసి పంపేయొచ్చు. కానీ మాకు నోరు రాలేదు. ముందు నీ పని గురించి చెప్పమన్నాం. అతను చెబుతుంటే చాలాసేపు విన్నాం.

రేవులో బోటు కడుపు నింపుతారు. డెక్కు కింద ట్యాంకుల్లో డీజిలు, మంచినీళ్లు, తవ్వకానికి కావలసిన సిమెంటు, బెరైటు పొడి. డెక్కు మీద ఇనుప గొట్టాలు, బియ్యం, కూరగాయలు నింపిన కంటైనర్లు. రిగ్గు చేరాక అసలు కష్టం మొదలవుతుంది. అక్కడ లంగరు వేసి హాయిగా ఆగడం కుదరదు. ఇంజన్లతో బోటును ఒకేచోట నిలబెట్టాలి. అలలకు బోటు లేస్తూ పడుతూ ఉంటే పైనుంచి క్రేను కొక్కెం దిగుతుంది. వెనుక డెక్కు నీటికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉంటుంది కనుక పెద్ద అల వస్తే మోకాళ్లదాకా నీళ్లు. ఆ నీళ్లలో నిలబడి టన్నుల బరువున్న కంటైనరుకు కొక్కెం తగిలించి, పక్కకు తప్పుకోవాలి. సిమెంటు పొడిని గాలి ఒత్తిడితో లావుపాటి గొట్టంలోంచి పైకి ఎగదోస్తారు. తిరుగు ప్రయాణంలో రిగ్గు మీది చెత్త, ఖాళీ డబ్బాలు అదే డెక్కు మీదికి దిగుతాయి. బియ్యం తీసుకెళ్లిన బోటే చెత్త మోసుకొస్తుంది.

ఇది కాక మరో డ్యూటీ ఉంది. దాని పేరు స్టాండ్‌బై. రిగ్గు మీద నిప్పు అంటుకున్నా, మనిషి నీళ్లలో పడినా వెంటనే అందుకోవడానికి ఒక బోటు రాత్రింబవళ్లు దగ్గర్లోనే ఉండాలి. సరుకు దించే పనీ లేదు, ఊరికి వెళ్లే దారీ లేదు. రిగ్గులో ఎవరికీ ఏమీ కాకపోతే ఆ రోజు బోటులో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అదే దానికి మంచిరోజు!

ఆ కాపలా ఎందుకో 1988 జూలై 6 రాత్రి లోకానికి తెలిసింది. స్కాట్లాండుకు తూర్పున నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం పేలి తగలబడింది. దాని మీద 226 మంది ఉన్నారు. 61 మంది బతికారు. చాలామంది మంటల నుంచి సముద్రంలోకి దూకినవారే. వారిని నీళ్లలోంచి ఎత్తింది చుట్టూ ఉన్న ఓడలు, వాటి నుంచి దించిన చిన్న రక్షణ పడవలు. ఆ దుర్ఘటనలో చనిపోయినవారు మొత్తం 167 మంది. లెక్క చూడండి. 226లోంచి 61 తీసేస్తే 165. మిగిలిన ఇద్దరెవరు? వారు ప్లాట్‌ఫాం మనుషులు కారు. రక్షించడానికి మంటల కిందికి పడవలో వెళ్లినవారు. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 1990లో 106 సిఫారసులు చేశారు. స్టాండ్‌బై ఓడలు ఎలా ఉండాలో కూడా వాటిలో ఉంది.

మన దేశం కూడా ఆ కన్నీరు చూసింది. 2005 జూలై 27న ముంబై హైలో, గాయపడిన వంటమనిషిని చికిత్సకు చేర్చబోయిన సముద్ర సురక్ష అనే నౌక తుఫాను గాలిలో ప్లాట్‌ఫాంను ఢీకొంది. గ్యాసు లీకై మంటలు చెలరేగాయి. 22 మంది ప్రాణాలు పోయాయి. 362 మందిని కాపాడారు. దగ్గరగా వెళ్తే ప్రమాదం, దూరంగా ఉంటే సాయం అందదు. ఆ రెంటి మధ్యే ఈ బోట్ల బతుకు.

అతను చెప్పడం ముగించాక మేము బైబిలు తెరిచి మార్కు సువార్త మూడో అధ్యాయం తొమ్మిదో వచనం చూపించాం. గలిలయ సముద్రతీరాన జనం యేసుప్రభువు మీద విరగబడుతున్నారు. వారు తనను నలిపేయకుండా తనకోసం ఒక చిన్న దోనె సిద్ధంగా ఉంచమని ఆయన శిష్యులతో అన్నాడు. ఎన్నోసార్లు చదివిన మాటే. కానీ ఆ తరువాతి వచనాలు చూడండి. ఆయన కొండెక్కాడు, పన్నెండు మందిని ఏర్పరచుకున్నాడు. ఆ పూట ఆ దోనె ఎక్కినట్టు మార్కు రాయలేదు. ఎవరో ఒకరు తెడ్డు పట్టుకుని ఎండలో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి కదా! వల వేయలేదు, చేప పట్టలేదు, అద్భుతమేదీ ఆ దోనెలో జరగలేదు. అయినా ప్రభువు అడిగిన దోనె అదే.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో మరో పడవ ఉంది. తుఫానులో ఓడ పగిలేలా ఉన్నపుడు నావికులు లంగరు వేసే నెపంతో చిన్న పడవ దించి పారిపోబోయారు. వీరు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని పౌలు శతాధిపతితో చెప్పాడు. ఆ రాత్రి 276 మంది ప్రాణాలు దక్కాలంటే నావికులు చేయవలసిన మొదటి పని ఓడలో ఉండిపోవడమే.

‘నువ్వు ఏమీ చేయలేదన్నావు. ఆ ఇరవై రోజులూ రిగ్గు మీద పడుకున్నవాళ్లు నిశ్చింతగా పడుకున్నారు. వాళ్లకూ తండ్రులున్నారు’ అన్నాం. అతను చాలాసేపు ఏడ్చాడు. ఆ దుఃఖం మా మాటలతో తీరిందని చెప్పం. సాయంత్రం సంఘమంతా అతనితో సమాధుల తోటకు వెళ్లాం. తండ్రి సమాధి మీద అతను పిడికెడు మట్టి వేశాడు.

సంఘంలోనూ ఇలాంటి దోనెలున్నాయి. మంచాన పడ్డ అత్తగారిని కనిపెట్టుకుని ఆరాధనకు రాలేని కోడలు, ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చునే అన్న, అందరూ వెళ్లాక మందిరానికి తాళం వేసే పెద్దాయన. వారి సాక్ష్యం మైకులో వినిపించదు. వారిని మనం చూశామా?

ఒడ్డుకు రాలేని నావికులను వెదుక్కుంటూ 1835లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ చానల్‌లో జాన్ ఆష్లీ అనే పాదిరి పడవ మీద పరిచర్య మొదలుపెట్టాడు. ఆ స్ఫూర్తితోనే 1856లో నావికుల మిషను ఏర్పడింది. ఏటా జూలై రెండో ఆదివారాన్ని చాలా సంఘాలు నావికుల ఆదివారంగా ఆచరిస్తాయి. మన తీరం పొడవునా సంఘాలున్నాయి. ఆ ఆదివారం మీ సంఘంలో సముద్రం మీదున్న బిడ్డల పేర్లు చదవండి. ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్న వారి తల్లిని, భార్యను పలకరించండి. ఆ ఇంట్లో చావొస్తే, రాలేని కొడుకు బదులు మీరు వెళ్లి నిలబడండి.

మా యువకుడు మళ్లీ బోటెక్కాడు. వెళ్లేముందు ఒక్కమాటే అడిగాడు. ‘అయ్యగారూ, అమ్మను చూస్తూ ఉంటారా?’

ఉంటామన్నాం. ఇప్పుడు స్టాండ్‌బై డ్యూటీ మాది.