కడలిపై అనూరులు

వినత తొందరపడి గ్రుడ్డును చిదిపినందువల్ల తొడలు ఏర్పడకముందే జన్మించినవాడు అనూరుడు. 'ఊరువు' అనగా తొడ. ఊరువులు లేనివాడు కనుక అనూరుడు. ఆదిపర్వంలోని ఈ కథ తెలుగువారికి సుపరిచితమే. అతడు సూర్యునికి రథసారథి అయ్యాడు. ఆ కొలువునకు అతడు తగినవాడు కావడానికి దైవానుగ్రహం ఒక్కటే కారణం కాదు. సారథ్యం కూర్చుండి చేసే పని. పగ్గాలు ఉండేది చేతులలో. ఆ పనికి ఏ అవయవాలు కావాలో అవి అతనికి ఉన్నాయి. పడవ నడపడం కూడా చాలావరకు ఇటువంటి పనియే. చుక్కాని పట్టడం, యంత్రాన్ని నడపడం, గాలం వేయడం కూర్చుండి చేయదగినవే. అయితే సూర్యరథానికి కెరటాలు అడ్డు రావు. పడవకు అవే మొదటి పరీక్ష.

బెల్లానికి పేరుపొందిన అనకాపల్లి పట్టణం సముద్రానికి కొంత లోపలగా, శారదానది ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు మాత్రం పూడిమడక, రేవుపోలవరం, పెంటకోట వంటి మత్స్యకార గ్రామాలతో కూడిన తీరం ఉంది. పూర్వం దుంగలను త్రాళ్లతో బిగించి కట్టిన తెప్పలపై ఇక్కడివారు వేటకు వెళ్లేవారు. నేడు ఎక్కువగా కనిపించేవి యంత్రం బిగించిన ఫైబరు పడవలు. పడవ మారినా రేవు స్వభావం మారలేదు. ఇసుకపై నుండి పడవను పదిమందీ కలిసి నీటిలోకి నెట్టాలి. కెరటాలు విరిగే చోటును అదను చూసి దాటాలి. ఆ కొద్ది క్షణాలలో పడవ అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది. ఈ తీరజలాలు ఎంత నమ్మరానివో చెప్పడానికి ఒక్క విషాదం చాలు. 2022 జూలైలో పూడిమడక తీరాన నీటిలోకి దిగిన ఆరుగురు ఇంజనీరింగు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. వారు అన్ని అవయవాలూ చక్కగా ఉన్న యువకులు.

వేటలో గాయపడి కాలో చేయో పోగొట్టుకొన్న మత్స్యకారుని పరిస్థితిని ఈ నేపథ్యంలో ఆలోచించాలి. కాలు పోయిన రైతు గట్టుపై కూర్చుండి పొలం పనులు చేయించుకోగలడు. మత్స్యకారునికి అటువంటి గట్టు లేదు. అతని పొలమంతా కెరటాలకు ఆవలనే ఉంది. ఒడ్డున ఉండి వలలు బాగుచేయడం ఒక్కటే అతనికి మిగిలే పని. అందువల్ల వికలాంగుడు సముద్రంపైకి సురక్షితంగా వెళ్లి రావడమన్నది వినోదానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, కూటికి సంబంధించిన ప్రశ్న కూడా. వికలాంగులను దివ్యాంగులనీ, విభిన్న ప్రతిభావంతులనీ గౌరవంగా పిలుస్తున్నారు, సంతోషమే. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 నాటి చట్టం ఇరవైయొక్క రకాలను గుర్తించింది. పేరు మారినా, చట్టం వచ్చినా, ఇసుకలో చక్రాల కుర్చీ దిగబడడం మానదు.

నిజానికి పడవలోకంటె పడవకు చేరే దారిలోనే ఇబ్బంది ఎక్కువ. చెన్నై మెరీనా తీరంలో 2022 నవంబరులో ఇసుకపై చెక్కదారి నిర్మించి, చక్రాల కుర్చీలు నీటి అంచు వరకు వెళ్లేటట్లు చేశారు. మరుసటి నెలలో వచ్చిన మాండూస్ తుపాను దానిని దెబ్బతీసింది. మరల బాగుచేయవలసి వచ్చింది. తీరంలో ఏ కట్టడమైనా సముద్రం అనుమతించినంత కాలమే నిలుస్తుంది. నడవలేనివారు కెరటాల రేవు నుండి బయలుదేరడంకంటె, విశాఖపట్నం చేపల రేవు వంటి నిలకడ నీళ్లున్న చోట గట్టునుండి పడవ ఎక్కడం మేలు. అక్కడ కూడా ఆటుపోట్లను గమనించాలి. గట్టు కదలదు గాని, పడవ నీటితోపాటు లేస్తుంది, దిగుతుంది. గట్టూ పడవ అంచూ ఒకే ఎత్తుకు వచ్చే వేళ చూసుకొంటే మనిషిని ఎత్తవలసిన పని ఉండదు, జరిపితే చాలు. తిరిగివచ్చే వేళకు నీటిమట్టం ఎట్లుంటుందో ముందే లెక్కించుకోవడం చాలామంది మరచిపోయే సంగతి.

పడవలో ఆసనం ఎంత క్రిందికి ఉంటే అంత క్షేమం. బరువు పైకి పోయినకొద్దీ పడవ ఒరిగే స్వభావం పెరుగుతుంది. చక్రాల కుర్చీలోనే కూర్చుండి ప్రయాణించేవారి బరువు సహజంగానే ఎత్తున ఉంటుంది కనుక, చిన్న పడవలో వారు కుర్చీ దిగి, వీపుకు ఆనుడు ఉన్న తక్కువ ఎత్తు పీటపై కూర్చోవడం ఉత్తమం. పెద్ద పడవలో కుర్చీని కదలకుండా బిగించవచ్చు. కుర్చీని పడవకు కట్టవచ్చునే గాని, మనిషిని కుర్చీకి విడరాని ముడితో కట్టరాదు. పడవ బోల్తాపడితే ఆ ముడియే మృత్యుపాశం అవుతుంది. నడుము నిలవనివారికి పట్టీ తప్పనిసరి అయినప్పుడు, ఒక్క లాగుతో విడిపోయే పట్టీనే వాడాలి. విడదీయడం తనకు చేతకాకపోతే, ఆ పని ఎవరిదో బయలుదేరకముందే నిర్ణయించుకోవాలి. 'ఎవరో ఒకరు తీస్తారులే' అనుకొంటే ఎవరూ తీయరు.

ప్రాణరక్షక కవచం, అనగా లైఫ్ జాకెట్, అందరికీ అవసరమే. కాని అది అన్ని శరీరాలపైన ఒకే విధంగా పనిచేయదు. మనిషి వెల్లకిలా తేలి ముఖం నీటిపైన ఉండేటట్లు దానిని రూపొందిస్తారు. ఒక కాలు లేనివారి శరీరంలో బరువు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. లోపల బోలుగా ఉండే కృత్రిమపాదం నీటిలో తేలి కాలిని పైకి లేపుతుంది. అప్పుడు తల క్రిందికి పోయే ప్రమాదం ఉంది. చచ్చుబడిన కాళ్లు కూడా కొందరిలో తేలుతాయి. కాబట్టి కొత్త కవచాన్ని మొదటిసారి తొడిగి చూడవలసిన చోటు సముద్రం కాదు. ఛాతీలోతు నిలకడ నీటిలో, ఇద్దరు మనుషులు ప్రక్కన ఉండగా పరీక్షించి చూడాలి. నీటిలోనుండి మనిషిని మరల పడవలోకి చేర్చడం ఎట్లో కూడా ఆనాడే సాధన చేయాలి. తడిసిన మనిషిని అంచు మీదుగా లాగడం ఎంత కష్టమో చేసి చూసినవారికే తెలుస్తుంది.

కృత్రిమపాదాలకు ఉప్పునీరు శత్రువు. ఉక్కు భాగాలు త్రుప్పు పడతాయి. ఈ విషయంలో 1960ల చివర జైపూరులో శిల్పి రామచంద్రశర్మ, డాక్టర్ పి.కె. సేఠీ రూపొందించిన జైపూరు పాదాన్ని ప్రస్తావించక తప్పదు. చెప్పులు లేకుండా నడిచేవారికి, బురదలో దిగి పనిచేసేవారికి అనువుగా దానిని రబ్బరుతో చేశారు. తడికి చెడని పాదం పొలానికి ఎంత ఉపయోగమో రేవుకూ అంత ఉపయోగం. ఏ పాదమైనా ఒడ్డు చేరగానే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.

వెన్నుపూస దెబ్బతిన్నవారికి మరొక చిక్కు ఉంది. స్పర్శ తెలియని కాలికి గాలం గుచ్చుకొన్నా, వేడెక్కిన యంత్రం తగిలి కాలినా నొప్పి తెలియదు. రక్తం చూసిన తరువాత గాని సంగతి తెలియదు. చెమట సరిగా పట్టనందువల్ల ఎండవేడికి వారి శరీరం త్వరగా వేడెక్కుతుంది. అందుచేత నీడ, త్రాగునీరు, మెత్తని దిండు వారికి విలాసాలు కావు. నడుమ నడుమ కూర్చున్న తీరు మార్చకపోతే ఒరుపు పుండ్లు పడతాయి. నిత్యం వాడే మందులను తడవని సంచిలో ఒకటి రెండు రోజులకు అదనంగా ఉంచుకోవాలి.

ఇక వేట సంగతి. ఒంటిచేతి మనిషి గాలపు కర్రను పడవ అంచుకు బిగించిన గొట్టంలో నిలిపి, ఉన్న చేతితో దారాన్ని చుట్టవచ్చు. దారాన్ని మాత్రం ఒంటికి గాని చేతికి గాని చుట్టుకోరాదు. 2025 జూలైలో పూడిమడక నుండి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుని, గాలానికి చిక్కిన కొమ్ముకోనాం చేప సముద్రంలోకి లాగివేసింది. ఆయన అనుభవజ్ఞుడైన వేటగాడే. అటువంటి వేళ దారాన్ని తెంచడానికి పదునైన కత్తి చేతికందే చోట ఉండాలి.

మనిషిని పడవకు తగినట్లు మార్చలేనప్పుడు పడవనే మనిషికి తగినట్లు మార్చినవారున్నారు. ఆంగ్లవనిత హిలరీ లిస్టర్ వ్యాధివల్ల మెడ క్రింది అవయవాలపై అదుపు కోల్పోయింది. గొట్టాలలోనికి ఊపిరి ఊది, పీల్చి చుక్కానినీ తెరచాపలనూ నడిపే ఏర్పాటుతో ఆమె 2005లో ఇంగ్లీషు కాలువను దాటింది; 2009లో బ్రిటన్ చుట్టూ ప్రయాణం పూర్తిచేసింది. ఆమె ప్రయాణాల వెనుక ఒడ్డున, వెంట నడిచే పడవలో సహాయకులు ఉన్నారు. సహాయం తీసుకోవడం సాహసానికి లోపం కాదు.

భారత నౌకాదళాధికారి అభిలాష్ టోమీ ఏకాకిగా ప్రపంచాన్ని చుట్టే పందెంలో ఉండగా, 2018 సెప్టెంబరు 21న హిందూమహాసముద్రంలో తుపానుకు చిక్కాడు. తెరచాప కొయ్య విరిగింది. వెన్ను దెబ్బతిని లేవలేకపోయాడు. ఉన్నచోటనే పడుకొని, తాను నడవలేననీ, మోసుకొనిపోయే పడక కావాలనీ ఉపగ్రహ సందేశం పంపాడు. మూడు రోజులకు ఫ్రెంచి నౌక వారు వచ్చి ఆయనను కాపాడారు. అనంతరం వెన్నులో లోహపు కడ్డీలు అమర్చుకొని, 2023లో అదే పందెంలో రెండవ స్థానంలో నిలిచాడు.

ఆయన పంపిన వార్తలోని వివరం గమనింపదగినది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అలల ఎత్తునూ గాలినీ ముందుగా తెలుపుతుంది. అది చూసియే బయలుదేరాలి. ఒడ్డు దాటిన తరువాత చేతిఫోను పనిచేస్తుందన్న నమ్మకం లేదు కనుక, పడవలో వి.హెచ్.ఎఫ్. రేడియో ఉండాలి, ఆపదను తెలిపే పదహారవ ఛానలును వాడడం పడవలోని ప్రతివారికీ తెలియాలి. అంతకంటె ముఖ్యంగా, ఎటు వెళ్తున్నారో, ఎందరు వెళ్తున్నారో, పడవ రంగేమిటో, ఏ వేళకు తిరిగివస్తారో ఒడ్డునున్న ఒకరికి చెప్పి వెళ్లాలి. ఆ వేళ దాటితే వారు తీరరక్షక దళానికి 1554 సంఖ్యకు ఫోను చేసి ఆ వివరాలన్నీ చెప్పాలి. పడవలో నడవలేని మనిషి ఒకరున్నారన్న మాట తప్పక చెప్పాలి. అది తెలిస్తే రక్షకనౌక మోతపడకతో బయలుదేరుతుంది.